రెండు పద్దుల ఆట: కప్పులు గెలిచి పోగొట్టుకున్న జట్ల కథ

ఇవాళ్టి ఎపిసోడ్ ఒక చిన్న లెక్కతో మొదలుపెడదాం.

2008, ఐపీఎల్ మొట్టమొదటి వేలం. ఒక్కో జట్టుకి పర్సు 50 లక్షల డాలర్లు. అందులోనే ఆటగాళ్లందర్నీ కొనుక్కోవాలి. అప్పుడు ‘ఐకాన్ ప్లేయర్’ అని ఒక రూల్ ఉండేది, గుర్తుందా? సచిన్, గంగూలీ, ద్రవిడ్ లాంటివాళ్లు వేలానికి రాకుండా సొంత ఊరి జట్టుకే ఆడతారు. ఆ జట్టులో అందరికన్నా ఎక్కువ రేటు పలికినవాడికంటే వాళ్లకి 15 శాతం ఎక్కువ ఇవ్వాలి. మన హైదరాబాద్‌కి, అంటే డెక్కన్ చార్జర్స్‌కి, ఆ గౌరవం లక్ష్మణ్‌ది. ఆయన వద్దన్నాడు. నాకు అంత ఇస్తే మిగతావాళ్లని కొనడానికి డబ్బు మిగలదు కదా అని ఐకాన్ హోదా వదిలేసుకున్నాడు. వేలంలో సైమండ్స్‌ని 13.5 లక్షల డాలర్లకి కొన్నారు. ఐకాన్‌గా ఉండుంటే లక్ష్మణ్‌కి సుమారు 15.5 లక్షలు వచ్చేవి. ఆయన తీసుకున్నది 3.75 లక్షలు.

ఇంత చేస్తే ఆ ఏడాది మన జట్టు ఆఖరి స్థానంలో నిలిచింది, అది వేరే సంగతి. మరుసటి ఏడాది దక్షిణాఫ్రికాలో గిల్‌క్రిస్ట్ కెప్టెన్సీలో కప్పు కొట్టారు.

ఇదెందుకు చెప్తున్నానంటే, పర్సు అనే గీత ఉన్నప్పుడు ఆ గీత లోపల చోటు చేసుకోవడానికి రెండే దారులు. ఒకటి లక్ష్మణ్ దారి: నిజంగానే తక్కువ తీసుకోవడం. రెండోది, కాగితం మీద తక్కువ తీసుకుని మిగతాది ఇంకెక్కడో అందుకోవడం. రెండో దారి మనకి కొత్తగా నేర్పక్కర్లేదు లెండి. స్థలం రిజిస్ట్రేషన్ ఎప్పుడైనా దగ్గరుండి చూశారా? దస్తావేజులో రాసే రేటు ఒకటి, ఇంటి దగ్గర సంచీలో చేతులు మారే రేటు ఇంకొకటి. సరిగ్గా అదే పని ప్రపంచంలో పెద్ద పెద్ద జట్లు చేశాయి. చేసి దొరికాయి. ఇవాళ కథ వాళ్లదే. చివర్లో నా సొంత కథ కూడా ఒకటుంది, అదీ చెప్తాను.

ముందు ఇంగ్లండ్ వెళ్దాం, వంద ఏళ్ల పైచిలుకు వెనక్కి. 1901లో అక్కడి ఫుట్‌బాల్ పెద్దలు ఒక గీత గీశారు: ఏ ఆటగాడికైనా వారానికి 4 పౌండ్లు మించి ఇవ్వకూడదు. ఇప్పటి శాలరీ క్యాప్ జట్టు మొత్తానికి ఉంటుంది. ఇది మనిషి మనిషికీ. నువ్వు స్టేడియం నింపే మొనగాడివైనా నాలుగే, బెంచీ మీద కూర్చున్నా నాలుగే.

అప్పట్లో బిల్లీ మెరెడిత్ అని ఒకాయన ఉండేవాడు. వేల్స్ మనిషి. చిన్నప్పుడు బొగ్గు గనిలో పనిచేసి వచ్చాడు. మాంచెస్టర్ సిటీకి కెప్టెన్. నోట్లో పుల్ల పెట్టుకుని నములుతూ ఆడేవాడు, అదే ఆయన గుర్తు. 1904 ఎఫ్ఏ కప్ ఫైనల్లో బోల్టన్ మీద పడిన ఒకే ఒక్క గోలు ఆయనదే. ఇలాంటి మనిషికి వారానికి నాలుగు పౌండ్లా? సిటీ వాళ్లు కూడా అలాగే అనుకున్నారు. లోపాయికారీగా ఎక్కువ ఇచ్చారు. ఆయనొక్కడికే కాదు, జట్టు మొత్తానికీ.

ఇది బయటపడిన తీరు చూడండి. 1905లో సీజన్ ఆఖరి మ్యాచ్, ఆస్టన్ విల్లాతో. సిటీ గెలిస్తే లీగ్ టైటిల్ అవకాశం ఉంది. విల్లా కెప్టెన్‌కి 10 పౌండ్లు ఇస్తానన్నాడని మెరెడిత్ మీద ఆరోపణ వచ్చింది. ఒక ఏడాది నిషేధం పడింది. ఆడకపోతే డబ్బెక్కడిది? నన్ను ఆదుకోండి అని క్లబ్బుని అడిగాడు. క్లబ్బు మొహం చాటేసింది. అప్పుడు ఆయనకి కాలింది. ఆ లంచం మాట కూడా మేనేజర్ చెప్తేనే అన్నానన్నాడు. దాంతోపాటు ఇన్నాళ్లూ మాకు నాలుగు పౌండ్ల కన్నా ఎక్కువే ఇస్తున్నారని మొత్తం గుట్టు విప్పేశాడు.

1906లో విచారణ ముగిసింది. మేనేజర్ టామ్ మేలీని ఇంగ్లండ్ ఫుట్‌బాల్ నుంచే వెలివేశారు. 17 మంది ఆటగాళ్లని 1907 జనవరి 1 దాకా ఆడొద్దన్నారు. అందరికీ జరిమానాలు వేశారు. ఇంకెప్పుడూ సిటీకి ఆడకూడదన్నారు. దాంతో క్లబ్బు వాళ్లందర్నీ అమ్ముకోవాల్సి వచ్చింది. ఎక్కడ? మాంచెస్టర్‌లోని క్వీన్స్ హోటల్లో. ఐపీఎల్ వేలానికి వందేళ్ల ముందే హోటల్లో ఆటగాళ్ల వేలం!

ఎవరు కొన్నారో మీరే ఊహించండి. పక్క వీధి శత్రువు, మాంచెస్టర్ యునైటెడ్. మెరెడిత్, శాండీ టర్న్‌బుల్, బర్జెస్, బ్యానిస్టర్, నలుగురూ అటే వెళ్లారు. 1907 జనవరి 1, నిషేధం ముగిసిన రోజునే యునైటెడ్‌కి మ్యాచ్. ఎదురుగా ఎవరు? అదే ఆస్టన్ విల్లా. మెరెడిత్ బంతి అందించాడు, టర్న్‌బుల్ గోలు కొట్టాడు, 1-0. 1908లో యునైటెడ్‌కి మొదటి లీగ్ టైటిల్. 1909లో మొదటి ఎఫ్ఏ కప్, ఆ ఫైనల్లో గోలు కూడా టర్న్‌బుల్‌దే. ఇవాళ మనవాళ్లు జెర్సీలేసుకుని తిరిగే యునైటెడ్ వైభవానికి పునాదిలో సిటీ దొంగ లెక్కలున్నాయన్నమాట.

నా అభిప్రాయం అడిగితే, ఈ కథలో నేను మెరెడిత్ వైపే. ఆ గీత ఆటని సమానం చేయడానికి కాదు, కూలి తక్కువగా ఉంచడానికి గీశారు. ఆయన కూడా 1907లో ఆటగాళ్ల యూనియన్ పెట్టినవాళ్లలో ముందున్నాడు. ఆ గరిష్ఠ జీతం రూలు పోవడానికి మాత్రం 1961 దాకా పట్టింది. జిమ్మీ హిల్ నాయకత్వంలో సమ్మె చేస్తామని బెదిరిస్తే గానీ దిగిరాలేదు. అప్పటికి ఆ గీత ఎంతనుకున్నారు? వారానికి 20 పౌండ్లు. అది పోగానే ఫుల్‌హామ్ వాళ్లు జానీ హేన్స్‌కి వారానికి 100 పౌండ్లు ఇచ్చారు.

ఇప్పుడు ఆస్ట్రేలియా. ఇక్కడ నా సానుభూతి అంత తేలిగ్గా ఏ వైపూ వెళ్లదు, అందుకే కాస్త నిదానంగా చెప్తాను.

రగ్బీ లీగ్ మనకి పెద్దగా తెలియదు. సిడ్నీలో, బ్రిస్బేన్‌లో మాత్రం అది మనకి క్రికెట్ లాగే. వాళ్ల లీగ్ పేరు ఎన్ఆర్ఎల్. 1990 నుంచి అక్కడ శాలరీ క్యాప్ ఉంది. ఇది మెరెడిత్ కాలం నాటి గీత లాంటిది కాదు. జట్టు మొత్తానికి ఇంత అని ఒక పరిమితి, డబ్బున్న క్లబ్బు మొనగాళ్లందర్నీ ఎత్తుకుపోకుండా. నువ్వు ఒక స్టార్‌ని తయారుచేసుకుంటే మంచిదే. నలుగుర్ని తయారుచేసుకుంటే ఏదో ఒక రోజు ఒకర్ని వదులుకోవాలి. బాధగా ఉంటుంది. ఆ బాధే ఆ రూలు ప్రాణం.

మెల్‌బోర్న్ స్టార్మ్ సరిగ్గా అక్కడే ఇరుక్కుంది. కోచ్ క్రెయిగ్ బెలమీ చేతుల్లో ఒకేసారి పండిన పంట: క్యామెరన్ స్మిత్, బిల్లీ స్లేటర్, కూపర్ క్రాంక్, గ్రెగ్ ఇంగ్లిస్. ఇలాంటివాళ్లు ఒక్కరుంటేనే క్లబ్బు పదేళ్లు బతికేస్తుంది. వీళ్లకి నలుగురూ ఉన్నారు. 2006 నుంచి 2009 దాకా వరసగా నాలుగుసార్లు గ్రాండ్ ఫైనల్. 2007లో మ్యాన్లీని 34-8తో, 2009లో పారమట్టాని 23-16తో కొట్టారు. మధ్యలో 2008లో అదే మ్యాన్లీ చేతిలో 40-0తో చిత్తుగా ఓడారు కూడా. అది కూడా చెప్పాలి, దొంగ లెక్కలున్నంత మాత్రాన ప్రతిసారీ గెలుపు రాదు.

లెక్క ఎలా నడిపారంటే, మళ్లీ మన రిజిస్ట్రేషన్ ఆఫీసే. ఆటగాడికి ఒక కాంట్రాక్టు. అది లీగ్‌కి పంపించేది, గీత లోపల ఉండేది. దానికి తోడు పక్కన ఒక ఉత్తరం. ‘మిగతాది ఇలా ఇస్తాం’ అని. రెండు పద్దులు. లీగ్ ఆడిటర్ ఇయన్ షూబర్ట్ ఒకప్పటి ఆటగాడే. ఆయన తవ్వుతూ పోతే చివరికి ఆ రెండో పద్దు బయటపడింది.

2010 ఏప్రిల్ 22. ఎన్ఆర్ఎల్ అధిపతి డేవిడ్ గాలప్ కెమెరాల ముందుకొచ్చి శిక్ష చదివాడు. 2007, 2009 టైటిళ్లు రద్దు. 2006, 2007, 2008లో లీగ్ దశలో మొదటి స్థానం, అవీ రద్దు. జరిమానా, వెనక్కి కట్టాల్సిన ప్రైజ్ మనీ కలిపి 16.89 లక్షల ఆస్ట్రేలియా డాలర్లు. ఆ సీజన్లో అప్పటిదాకా వచ్చిన 8 పాయింట్లూ సున్నా. అక్కడితో ఆగలేదు: ఆ ఏడాది మిగతా మ్యాచ్‌లన్నీ ఆడాలి, కానీ గెలిచినా పాయింట్లు ఉండవు.

ఈ ఆఖరి ముక్క దగ్గర ఒక్క నిమిషం ఆగండి. నిషేధిస్తే ఇంట్లో కూర్చుంటారు. ఇది అలా కాదు. ఎముకలు విరిగే ఆట అది. ప్రతివారం వెళ్లి దెబ్బలు తినాలి, గెలవాలి, స్కోరుబోర్డు మీద సున్నా చూసి ఇంటికి రావాలి. నెలల తరబడి!

మూడు రోజులకే, ఏప్రిల్ 25న, ఆంజాక్ డే నాడు, సొంతూళ్లో న్యూజిలాండ్ వారియర్స్‌తో మ్యాచ్. ఎలా ఆడతారో అని దేశమంతా చూసింది. 40-6తో గెలిచారు. సున్నా పాయింట్లకి. ఆ సీజన్లో మొత్తం 14 మ్యాచ్‌లు గెలిచి పాయింట్ల పట్టికలో అట్టడుగున నిలిచారు.

మరి డబ్బు మాటేంటి? మొదట అనుకున్నది ఐదేళ్లలో 17 లక్షల డాలర్లు. తర్వాత డెలాయిట్ వాళ్లు తవ్వితే 31.7 లక్షలు తేలింది, 13 మంది ఆటగాళ్లకి. ఇందులో ఇంకో తమాషా ఉంది: స్టార్మ్ క్లబ్బు యజమాని న్యూస్ లిమిటెడ్, అంటే మర్డోక్ కంపెనీ. అప్పట్లో లీగ్‌లో సగం వాటా కూడా వాళ్లదే. పరీక్ష పెట్టేదీ వాళ్లే, కాపీ కొట్టి దొరికిన పిల్లాడూ వాళ్ల ఇంటివాడే. క్లబ్బుని అంతకుముందు నడిపిన సీఈఓ బ్రయన్ వాల్డ్రన్ అప్పటికే ఇంకో జట్టుకి వెళ్లిపోయాడు, ఈ గొడవతో అక్కడా పదవి వదులుకున్నాడు. ఆటగాళ్ల మీద, కోచ్ మీద మాత్రం శిక్షలేమీ పడలేదు. 2007 ఫైనల్లో ఇంగ్లిస్‌కి, 2009 ఫైనల్లో స్లేటర్‌కి వచ్చిన ‘మ్యాన్ ఆఫ్ ద మ్యాచ్’ మెడల్స్ కూడా వాళ్లకే ఉంచారు. అంటే ఫైనల్‌కి విజేత లేడు, ఆ ఫైనల్లో ఉత్తమ ఆటగాడు మాత్రం ఉన్నాడు. చరిత్ర పుస్తకంలో ఇలాంటి వాక్యం ఎలా రాయాలో నాకైతే అర్థం కాదు.

ఆ తర్వాత గీత లోపలికి రావడానికి జట్టుని కోసుకోవాల్సి వచ్చింది. ఇంగ్లిస్ సౌత్ సిడ్నీ వెళ్లాడు, హాఫ్‌మన్ లాంటివాళ్లు ఇంగ్లండ్ దాకా వెళ్లారు. స్మిత్, స్లేటర్, క్రాంక్ మిగిలారు. 2012లో ఆ ముగ్గురితో మళ్లీ కప్పు గెలిచారు, ఈసారి ఒకే పద్దుతో. ఫైనల్లో ఎదుటి జట్టు ఎవరో తెలుసా? కాంటర్‌బరీ బుల్‌డాగ్స్. వీళ్లూ తక్కువవాళ్లేం కాదు. 2002లో వరసగా 17 మ్యాచ్‌లు గెలిచి పట్టికలో పైనున్నప్పుడు సిడ్నీ మార్నింగ్ హెరాల్డ్ విలేకరులు వాళ్ల లెక్కల గుట్టు బయటపెట్టారు. 37 పాయింట్లు కోసేసి అడుగుకి తోసేశారు.

అమెరికాలో ఇంకో రకం. అక్కడ డబ్బు ఇవ్వలేదు, మాట ఇచ్చారు. మిన్నెసోటా టింబర్‌వుల్వ్స్ అనే బాస్కెట్‌బాల్ జట్టు జో స్మిత్ అనే ఆటగాడితో రహస్యంగా ఒప్పందం రాసుకుంది: ఇప్పుడు కొన్నేళ్లు తక్కువకి ఆడు, తర్వాత 8 కోట్ల డాలర్లకి పైగా కాంట్రాక్టు ఇస్తాం అని. ఎలా దొరికారు? ఇద్దరు ఏజెంట్లు భాగస్వాములు. విడిపోయి కోర్టుకెక్కారు. ఆ కోర్టు కాగితాల్లో ఈ ఒప్పందం బయటికి జారింది. 2000లో ఎన్‌బీఏ 35 లక్షల డాలర్ల జరిమానా వేసి, ఐదేళ్ల మొదటి రౌండ్ డ్రాఫ్ట్ ఎంపికలు లాగేసుకుంది (తర్వాత కొంత దయతలిచారు). అసలు రహస్య ఒప్పందాన్ని కాగితం మీద ఎందుకు రాస్తార్రా నాయనా అని నాకు ఎప్పుడూ ఆశ్చర్యమే. కానీ ఆలోచిస్తే, మోసం చేసేవాడి మీద ఇంకో మోసగాడికి నమ్మకం ఉండదు కదా, రాసుకోక తప్పదు.

ఇంగ్లండ్ రగ్బీలో సారసెన్స్ ఇంకా నాజూకుగా చేసింది. యజమాని నైజెల్ రే తన ఆటగాళ్లతో కలిసి కంపెనీలు పెట్టాడు, ఆస్తుల్లో పెట్టుబడులు పెట్టాడు. జీతం కాదండీ, వ్యాపారం అన్నాడు. 2019 నవంబర్లో 35 పాయింట్లు, 53.6 లక్షల పౌండ్లు పోయాయి. తర్వాత ఇంకో 70 పాయింట్లు కోసి కింది డివిజన్‌కి దింపేశారు. అయితే టైటిళ్లు మాత్రం ముట్టుకోలేదు. మెల్‌బోర్న్‌లో కప్పు లాక్కున్నారు, లండన్‌లో ఉంచేశారు. ఏది న్యాయం? నేను మెల్‌బోర్న్ తీర్పు వైపు. పాయింట్లు వచ్చే ఏడాది మళ్లీ వస్తాయి. కప్పు గెలిచినప్పుడు ఎదుటివాడి నుంచి తీసుకున్నది మళ్లీ రాదు.

ఇది నేను ఊరికే అనట్లేదు. మొదట్లో చెప్తానన్న నా కథ ఇదే.

డిగ్రీ రెండో ఏడాది. మా ఊళ్లో సంక్రాంతికి టెన్నిస్ బాల్ టోర్నమెంట్ పెట్టారు, ఐపీఎల్ చూసి వేలంతో సహా. ఒక్కో ఓనరుకి 10 వేల పాయింట్లు. నేను ఓపెనింగ్ ఆడేవాణ్ని, నా మీద నాలుగు జట్ల కన్నుంది. వేలానికి రెండ్రోజుల ముందు ఒక ఓనర్ పిలిచి, ‘నీకు పరీక్షలున్నాయి, ఆడేది అనుమానమే అని అందరికీ చెప్పు’ అన్నాడు. చెప్పాను. వేలంలో ఎవడూ చెయ్యెత్తలేదు. ఆయన 200 పాయింట్లకి కొన్నాడు. నా మీద మిగిలిన పాయింట్లతో పక్క మండలం ఫాస్ట్ బౌలర్ని కొన్నాడు. నాకు చాటుగా ఐదు వేలు, ఒక జత షూస్.

ఫైనల్ గెలిచాం. ఎదుటి జట్టు కెప్టెన్ నా ఇంటర్ క్లాస్‌మేట్. వేలం రోజు నా దగ్గరికొచ్చి, ‘పరీక్షలు బాగా రాయి మామా, క్రికెట్ ఎక్కడికి పోతుంది’ అన్నాడు. ఫైనల్లో నన్ను మైదానంలో చూసి ఏమీ అనలేదు. నవ్వాడు. ఆ నవ్వు అర్థం నాకు అప్పుడే తెలుసు.

నాకు శిక్షేమీ పడలేదు. మా టోర్నమెంటుకి ఇయన్ షూబర్ట్ లేడు. ఆ షూస్ రెండేళ్లు వేసుకున్నాను. కప్పుతో దిగిన ఫొటో ఇప్పటికీ ఫోన్లో ఉంది, దాన్ని ఎప్పుడూ స్టేటస్ పెట్టుకోలేదు. వాడు ఈ ఛానెల్ చూస్తాడు. ఎపిసోడ్ అప్‌లోడ్ చేసేముందు వాడికి ఫోన్ చేస్తానని ఇంట్లో చెప్పాను, చేస్తాను.

కథ ఆపేముందు ఒక ముక్క మిగిలింది. స్టార్మ్ టైటిళ్లు రద్దయ్యాక, ఫైనల్లో ఓడినవాళ్లకి వాటిని ఇవ్వలేదు. 2007, 2009 ఖాళీ. మ్యాన్లీ వాళ్లకి, పారమట్టా వాళ్లకి అన్యాయం అనిపించడం సహజం. 2009లో పారమట్టా అభిమానులు 1986 నుంచి ఒక్క కప్పు కోసం ఎదురుచూస్తున్నారు. రెండు పద్దుల జట్టు చేతిలో ఓడారు. సరే, 2016కి వద్దాం. పారమట్టా ఈల్స్ శాలరీ క్యాప్ లెక్కల్లో దొరికింది: 12 పాయింట్లు కోత, 10 లక్షల డాలర్ల జరిమానా, ఆ ఏడాది మొదట్లో గెలిచిన ఆక్లండ్ నైన్స్ టైటిల్ రద్దు. తర్వాత ఏడాది మ్యాన్లీ వంతు: 7.5 లక్షల డాలర్ల జరిమానా.

సరే అండీ, వచ్చే వారం ఇంకో కథతో కలుద్దాం. నేను ఫోన్ చేసుకోవాలి.